వెండి చుక్కలు అద్దాలు కావు

సంపాదకులకు నమస్కారం.

సౌరఘటాల మీద వెండి నానో కణాలు పరిస్తే విద్యుత్తు పెరుగుతుందని మీ విజ్ఞాన పుటలో వచ్చిన కథనం చదివాం. ఈ సంగతి పాఠకుల ముందుకు తెచ్చినందుకు సంతోషం. కానీ అందులో మూడు మాటలు సరిచేయాల్సి ఉంది. కణాలు చిన్న అద్దాల్లా కాంతిని లోపలికి తిప్పుతాయన్నారు. ఎంత చిన్నవైతే అంత మేలన్నారు. ఏడు రెట్లు పెరిగిందన్నారు. మొదటిది తప్పు. రెండోది పూర్తిగా తలకిందులు. మూడోది నిజమే, కానీ ఏడు రెట్లు పెరిగింది ఏమిటో చెప్పకపోతే ఆ నిజమే పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది.

ఈ కణాల అవసరం ఎందుకొచ్చిందో ముందు చూడాలి. సిలికాన్ నీలం, ఆకుపచ్చ కాంతిని పైపైనే పట్టేస్తుంది. అల పొడవు 500 నానోమీటర్లున్న కాంతిలో మూడింట రెండొంతుల దాకా మొదటి మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) లోతులోనే ఖర్చయిపోతుంది. 800 దగ్గరకొచ్చేసరికి అదే పనికి 12 మైక్రాన్లు పడుతుంది. 1000 దగ్గర 150 మైక్రాన్లు దాటుతుంది. 1100 దగ్గర ఆ లోతు దాదాపు 3 మిల్లీమీటర్లు. మామూలు వేఫర్ (ఘటం తయారయ్యే సిలికాన్ పలక) మందం 130 నుంచి 180 మైక్రాన్లు కాబట్టి ఆ చివరి అంచు కాంతి దానికే సరిగ్గా చిక్కదు. ఇక ఒకటి రెండు మైక్రాన్ల పలుచని పొరతో చేసిన ఘటం సంగతి చెప్పనక్కర్లేదు. ఎరుపు, దాని అవతలి పరారుణం పొరలోంచి దూసుకుపోయి వెనకనుంచి బయటపడతాయి. వేఫర్ అయితే దాని ముఖాన్ని క్షార ద్రావణంతో కొరికించి కొన్ని మైక్రాన్ల ఎత్తు పిరమిడ్లు తేలుస్తారు, కాంతి వాలుగా దిగి ఎక్కువ దూరం నడుస్తుంది. ఒక మైక్రాన్ పొర మీద కొన్ని మైక్రాన్ల పిరమిడ్ ఎలా తేలుస్తాం? పొరే మిగలదు. పొరను ముట్టుకోకుండా కాంతిని పక్కకు మళ్లించే ఉపాయం కావాలి. లోహ కణాల మీద ఇంత ఆసక్తి పుట్టింది అక్కడే.

ఇప్పుడు అద్దం మాట. ఉపయోగపడే వెండి కణం వ్యాసం సుమారు 100 నానోమీటర్లు. దాని మీద పడే ఎర్రని కాంతి అల పొడవు 600 నుంచి 800. అద్దంలోలాగా పరావర్తనం జరగాలంటే తలం అల కంటే ఎంతో పెద్దదై ఉండాలి. ఇక్కడ కణమే అలలో చిన్న ముక్కంత. అల వచ్చినప్పుడు కణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ గుంపుగా ఒక పక్కకు ఒరుగుతాయి. అటు రుణావేశం, ఇటు ధనావేశం మిగిలి గుంపును వెనక్కి లాగుతాయి. అలలోని విద్యుత్ క్షేత్రం తిరగబడితే రెండో పక్కకు ఒరుగుతాయి. ఇది ఊయల. ప్రతి ఊయలకూ తనదైన లయ ఉన్నట్టే ఈ గుంపుకూ ఒక లయ ఉంది. ఆ లయకు సరిపడే కాంతి తగిలినప్పుడే ఊపు పైకి లేస్తుంది. దాన్నే ప్లాస్మాన్ అనునాదం అంటారు. గాల్లో విడిగా ఉన్న చిన్న వెండి గోళానికి అది 350 నానోమీటర్ల దగ్గర, బంగారానికి 500 పైన ఉంటుంది. కణం పెద్దదైనా, చుట్టూ వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత నెమ్మదింపజేసి వంచుతుందో చెప్పే అంకె) ఎక్కువున్న పదార్థం చేరినా, ఆ లయ ఎరుపు వైపు జరుగుతుంది.

ఊగుతున్న ఎలక్ట్రాన్ల గుంపు ఒక చిన్న ఏరియల్. పడిన కాంతిని అదే పౌనఃపున్యంతో మళ్లీ ప్రసారం చేస్తుంది. అంతకంటే విశేషం, ఇది తన నీడ కంటే పెద్ద మేర కాంతిని పట్టుకుంటుంది. మంచి అనునాదంలో వెండి కణం కాంతిని వెదజల్లే మేర దాని అసలు వైశాల్యానికి పది రెట్ల దాకా ఉండగలదు. ఉపరితలంలో పదో వంతును కప్పితే చాలన్న ఆశ అక్కడినుంచే వచ్చింది. నాలుగో శతాబ్దపు రోమన్ లైకర్గస్ పాత్ర బయటి వెలుగులో పచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపించడం కూడా గాజులో ఇరుక్కున్న వెండి, బంగారు కణాల చలవే. గోళాకార కణం కాంతిని ఎలా వెదజల్లుతుందో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ (Gustav Mie) 1908లోనే పూర్తి లెక్క కట్టాడు.

ఏరియల్ అన్నాక అన్ని దిక్కులకూ ప్రసారం చేయాలి కదా, సగం కాంతి ఆకాశం పాలు కావాలి కదా అని చదువరికి అనుమానం రావాలి. గాల్లో ఒంటరిగా ఉంటే అంతే జరుగుతుంది. సిలికాన్ పక్కన పెట్టినప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది. ఈ విషయంలో అన్నిటికంటే అందమైన భాగం ఇదే. మీ కథనంలో దీని ప్రస్తావనే లేదు.

ఊగే ఆవేశం చుట్టూ రెండు రకాల క్షేత్రాలుంటాయి. ఒకటి దూరాలకు ప్రయాణించేది. రెండోది కణాన్ని అంటిపెట్టుకుని, కొన్ని పదుల నానోమీటర్లు దాటగానే చచ్చిపోయే సమీప క్షేత్రం. ఈ రెండో దానిలోని అలలు ఉపరితలం వెంబడి మరీ దగ్గరదగ్గరగా ముడుచుకుని ఉంటాయి. గాల్లో ప్రయాణించే అదే రంగు కాంతి అల ఏదీ అంత పొట్టిగా ఉండదు. అందుకే వాటికి గాల్లో నడక లేదు. కానీ సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.5. అంటే అదే కాంతి అల సిలికాన్‌లో మూడున్నర రెట్లు పొట్టిది. గాల్లో నశించాల్సిన ఆ ముడుచుకున్న అలకు పది నానోమీటర్ల దూరంలో సిలికాన్ దొరికితే, అక్కడ అది సిసలైన ప్రయాణ తరంగమై నడిచిపోతుంది. సిలికాన్‌కు దాదాపు అంటుకున్న బిందు ద్విధ్రువానికి, అంటే ఊగే ఆవేశాల జంటను ఒక చుక్కగా ఊహించుకున్నదానికి లెక్క కడితే, అది వెదజల్లే కాంతిలో 96 శాతం సిలికాన్‌లోకే దిగుతుందని తేలింది. నిజమైన కణానికి సైజు ఉంటుంది కాబట్టి వాటా కొంత తగ్గుతుంది, కానీ మొగ్గు అటే.

దీంతోపాటు ఇంకో మేలు ఉంది. చదునైన ముఖం గుండా గాలినుంచి సిలికాన్‌లోకి వంగి దిగే కిరణం, ఎంత ఏటవాలుగా వచ్చినా, నిట్టనిలువుకు 17 డిగ్రీల లోపు ఉండే సన్నని శంకువులోనే ఇరుక్కుంటుంది. అంతే కోణంలో అవతలి ముఖానికి చేరుతుంది కాబట్టి బయటికీ పోగలదు. సమీప క్షేత్రం ద్వారా దిగిన కాంతి మాత్రం ఆ శంకువు బయట పుడుతుంది. 17 డిగ్రీలు దాటిన కిరణం ముఖానికి తగిలినప్పుడల్లా సంపూర్ణాంతర పరావర్తనం చెంది లోపలే తిరుగుతుంది. ఒక మైక్రాన్ పొరలో నిలువుగా దిగి ఒక మైక్రాన్ నడవాల్సిన కిరణం అడ్డంగా ఎన్నో మైక్రాన్లు నడుస్తుంది. ఈ నడకకు హద్దు లేదని కాదు. దారి పూర్తిగా చెదిరిపోయిన ఆదర్శ సందర్భంలో కూడా బలహీనంగా శోషణమయ్యే కాంతికి సగటు దారి పొర మందంతో పోలిస్తే వక్రీభవన గుణకం వర్గానికి నాలుగు రెట్లు, అంటే దాదాపు 50 రెట్లకు మించదు. పైగా తిరిగే కాంతి మళ్లీ కణం కింద నుంచి పోయినప్పుడు అదే ఏరియల్ దానిలో కొంత బయటికీ పంపగలదు.

సైజు గురించి. "నానో" అన్న మాట వినగానే చిన్నదే మేలనుకోవడం సహజం. ఇక్కడ అలా అనుకుంటే అసలుకే ఎసరు. చిన్న కణాల్లో శోషణ ఘనపరిమాణంతో పెరుగుతుంది, వెదజల్లడం ఘనపరిమాణం వర్గంతో పెరుగుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే శోషణ 8 రెట్లు, వెదజల్లడం 64 రెట్లు. 20 నానోమీటర్ల వెండి కణం పట్టుకున్న కాంతిలో అధిక భాగం దానిలోనే వేడిగా మారుతుంది. సన్నని వెండి కణాలు కలిపిన నీరు పసుపుగా కనిపించేది నీలం కాంతిని అవి మింగడం వల్లే. ఆ మింగిన కాంతి సిలికాన్‌కు అందదు. వ్యాసం 100 నానోమీటర్లకు చేరేసరికి వెండి కణం పట్టిన కాంతిలో 90 శాతానికి పైగా వెదజల్లుతుంది. మరీ పెంచినా చిక్కే. 150 దాటుతున్నకొద్దీ ఎలక్ట్రాన్లన్నీ ఒకే లయలో ఊగవు. అనునాదం వెడల్పై చప్పబడుతుంది, గుంపు రెండు మూడు ముక్కలుగా ఎదురెదురుగా ఊగే లయలు మొదలవుతాయి.

ఆకారం కూడా సైజంత ముఖ్యం. 100 నానోమీటర్ల గోళం మధ్యభాగం ఉపరితలానికి 50 నానోమీటర్ల పైన ఉంటుంది. అడుగు చదునుగా ఉన్న అర్ధగోళమో, బిళ్లో అయితే ఊగే ఆవేశం మొత్తం సిలికాన్‌కు దగ్గరవుతుంది, సమీప క్షేత్రం బాగా అందుతుంది. అదృష్టవశాత్తూ తేలికైన తయారీ పద్ధతిలో వచ్చేవి గోళాలు కావు, అడుగు చదునైన దిబ్బలే.

ఆ పద్ధతి ఇది. శుభ్రం చేసిన సిలికాన్ మీద 10 నుంచి 30 నానోమీటర్ల ఆక్సైడ్ పొర పెంచుతారు. శూన్యపాత్రలో వెండిని వేడిచేసి ఆవిరిగా దాని మీద 12 నుంచి 16 నానోమీటర్ల మందం వేస్తారు. తర్వాత నైట్రోజన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు గంటసేపు ఉంచుతారు. వెండి 962 డిగ్రీలకు గానీ కరగదు, కాబట్టి ఇక్కడ జరిగేది కరగడం కాదు. ఉపరితలం మీది పరమాణువులు కదిలి సర్దుకుంటాయి. వెండికి ఆక్సైడ్ అంటే పొసగదు. జిడ్డు పళ్లెం మీద పోసిన నీటి పొర ఎలా చిరుగుతుందో అలాగే పొరలో ముందు చిల్లులు పడతాయి, చిల్లులు పెరిగి మధ్య భాగాలు సన్నని మెడల్లా మిగులుతాయి, మెడలు తెగి దిబ్బలవుతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే చివరికి 100 నుంచి 150 నానోమీటర్ల మేర ఉండే, ఒకదానితో ఒకటి పోలిక లేని దిబ్బలు కనిపిస్తాయి. వాటి మధ్య అక్కడక్కడ బుడతలూ ఉంటాయి. ఆ బుడతలు కాంతిని మింగే రకం కాబట్టి అవి ఎంత తక్కువుంటే అంత మంచిది.

చూడ్డానికి సులువైన పనే, కానీ చెడిపోయే దారులు చాలా ఉన్నాయి. వెండి 5 నానోమీటర్లే వేస్తే 20, 30 నానోమీటర్ల కణాలు చిక్కగా కిక్కిరిసి వస్తాయి, ఫలితం వేడి. 30 దాకా వేస్తే 200 డిగ్రీల దగ్గర పొర పూర్తిగా తెగదు, చిల్లుల వలగా మిగిలిపోతుంది. అది ఏరియల్ కాదు, అప్పుడది నిజంగానే ఓ చెడ్డ అద్దం. మందం చూపే క్వార్ట్జ్ మానిటర్‌ను కళ్లు మూసుకుని నమ్మకూడదు. అది చెప్పేది తన మీద పడ్డ మందం. నమూనా వేరే దూరంలో, వేరే కోణంలో ఉంటే అక్కడ పడేది వేరు. ఆ తేడాకు గుణకం కట్టి సరిచేయాలి. మూడు నాలుగు నానోమీటర్ల పొరపాటుకే కణాల సైజు, దాంతో అనునాదం, రెండూ జరిగిపోతాయి. వేలిముద్ర పడ్డ చోట జిడ్డు వల్ల దిబ్బల తీరు మారి మచ్చలు తేలతాయి. ఘటం మీద విద్యుత్తును పోగుచేయడానికి అచ్చువేసే వెండి గీతలను సుమారు 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు, ఆ వేడికి కణాలు నిలవవు. కాబట్టి గీతల పని ముందు, కణాల పని చివర.

మధ్యలో ఉన్న ఆక్సైడ్ పొరను అనవసరమని తీసేయబోయేవాళ్లుంటారు. అది మూడు పనులు చేస్తోంది. సిలికాన్ ఉపరితలం మీది తెగిన బంధాలను మూసి ఆవేశాలు అక్కడ వృథాగా కలిసిపోకుండా ఆపుతుంది. లోహం సిలికాన్‌ను నేరుగా తాకకుండా చూస్తుంది. వెండి దిబ్బలు కట్టడానికి నేల ఇస్తుంది. దాన్ని మందంగా పెంచితేనేమో సమీప క్షేత్రం దారిలోనే చచ్చిపోతుంది. 100 నానోమీటర్ల ఆక్సైడ్ మీద కూర్చున్న కణానికి సిలికాన్ ఉన్నట్టే సరిగ్గా తెలియదు. 10 నుంచి 30 అన్న అంకె ఈ రెండు అవసరాల మధ్య కుదిరిన రాజీ.

వెండి బదులు బంగారం వాడొచ్చు కదా, మసకబారదు కదా అంటారు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి వెండి నల్లబడటం నిజమే. నానో కణానికి ఉన్నదంతా ఉపరితలమే కాబట్టి నష్టం త్వరగా కనిపిస్తుంది. కానీ బంగారం 500 నానోమీటర్ల లోపు కాంతిని గట్టిగా మింగుతుంది. పైగా బంగారం, రాగి పరమాణువులు వేడికి సిలికాన్‌లోకి చొరబడితే అక్కడ ఆవేశాలకు ఉచ్చులవుతాయి. వెండినే వాడి, దాని మీద పారదర్శకమైన పొర కప్పడం మేలు. కప్పితే అనునాదం ఎరుపుకు జరుగుతుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి. సిలికాన్ డయాక్సైడ్ గుణకం 1.46, సిలికాన్ నైట్రైడ్‌ది 2 దగ్గర, టైటానియం డయాక్సైడ్‌ది అంతకంటే ఎక్కువ. గుణకం పెరిగినకొద్దీ జరుగుడూ ఎక్కువే.

కణాలు ముందు ముఖం మీదా, వెనుక ముఖం మీదా అన్నది మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం. మీ కథనంలోని బొమ్మలో ముందు పెట్టారు. ఊయల దగ్గరికే మళ్లీ వద్దాం. ఊయలను దాని లయ కంటే నెమ్మదిగా తోస్తే చేతితోపాటే వస్తుంది. లయ కంటే వేగంగా తోస్తే చేతికి ఎదురు ఊగుతుంది. కాంతిలోనూ అంతే. అనునాదం కంటే పొడవైన అలలకు, అంటే ఎరుపు వైపు, కణం వెదజల్లిన కాంతి నేరుగా దిగిన కాంతితో కలిసి బలపడుతుంది. పొట్టి అలలకు, నీలం వైపు, రెండూ ఎదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సిలికాన్‌లోకి మామూలుగా సులువుగా దిగే కాంతి వెనక్కి మళ్లిపోతుంది. ముందు వైపు వెండి కణాలతో ఎరుపులో లాభం, నీలం, ఆకుపచ్చల్లో నష్టం కలిసి రావడం అందుకే. వెనుక పెడితే నీలం అక్కడిదాకా రాదు, ముందే శోషణమైపోతుంది. కణాలకు చేరేది సిలికాన్ పట్టలేకపోయిన పొడవాటి అలలే, అంటే సాయం కావాల్సిన కాంతి మాత్రమే.

దీనికి ఇంకో కారణం తోడవుతుంది. గాలినుంచి వచ్చే కాంతి చదునైన సిలికాన్ ముఖం దగ్గర పరావర్తనం చెందేటప్పుడు తిరగబడుతుంది. వచ్చే అల, పోయే అల అక్కడ ఒకదాన్నొకటి తగ్గించుకుని, క్షేత్రం వచ్చిన దానిలో 0.44 వంతుకు పడిపోతుంది. ఏరియల్‌ను సరిగ్గా ఆ బలహీనమైన చోట నిలబెడుతున్నాం. లోపలినుంచి వెనుక ముఖానికి చేరే కాంతికి ఈ తిరగబడటం లేదు, క్షేత్రం అక్కడ పుంజుకుంటుంది. సమానమైన శక్తి గల కాంతికి లెక్క కడితే వెనుక ముఖం దగ్గర తీవ్రత ముందు ముఖం దగ్గర ఉన్నదానికి మూడున్నర రెట్లు. వెనుక పెట్టేటప్పుడు కణాల లయ 700, 1100 నానోమీటర్ల మధ్యకు రావాలి, కాబట్టి కాస్త పెద్ద దిబ్బలు, పైన గుణకం ఎక్కువున్న కప్పు కావాలి. వాటి వెనక అద్దమో, తెల్ల పూతో పెడితే అవతలికి జారిన కాంతి కూడా తిరిగొస్తుంది, కానీ అది కణాలకు అంటకుండా ఎడంగా ఉండాలి. ముందు వైపే పెట్టక తప్పని చోట అల్యూమినియం నయం. దాని లయ అతినీలలోహితంలో ఉంటుంది కాబట్టి కొట్టేసుకునే ప్రాంతం కూడా అక్కడికే తప్పుకుంటుంది. తన మీద తానే కట్టుకునే కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ దానికి కవచం.

ఇక ఏడు రెట్లు. ఆ అంకె న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ప్రచురించిన ఫలితంలోనిది. వేఫర్ ఘటానికి 1200 నానోమీటర్ల ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర వచ్చిన పెరుగుదల అది. 1200 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 1.03 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికాన్ శక్తి అంతరం (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావాల్సిన కనీస శక్తి) 1.12. అంటే అక్కడ ఘటం స్పందన దాదాపు సున్నా. సున్నాకు చేరువైన దానికి ఏడు రెట్లు ఎంతవుతుంది? అదే పనిలో సౌరవర్ణపటం మొత్తానికి లెక్క చూస్తే పెరిగిన విద్యుత్ ప్రవాహం చదునైన వేఫర్‌కు 19 శాతం, 1.25 మైక్రాన్ల పలుచని ఘటానికి 33 శాతం. ఇవి చిన్న అంకెలేమీ కావు, వాటిని చూసి గర్వపడొచ్చు. శీర్షికలో 19 శాతమని రాసినా పాఠకులు చదివేవారు. అలాగే 1998లో స్టువర్ట్, హాల్ 165 నానోమీటర్ల సిలికాన్ కాంతి శోధకంలో 800 నానోమీటర్ల దగ్గర దాదాపు 18 రెట్లు చూపారు. శోధకం అంత పలుచన కాబట్టే అంత వచ్చింది. అది మామూలు సౌరఫలకానికి వర్తించే అంకె కాదు.

పోలిక దేనితో అన్నది కూడా అంతే ముఖ్యం. చదునైన సిలికాన్ మీద పడే కాంతిలో 30 శాతానికి పైగా వెనక్కి పోతుంది. దాని మీద సరైన పారదర్శక పూత ఒకటి వేసినా ప్రవాహం పెరుగుతుంది, వెండి అక్కర్లేదు. పిరమిడ్లు తేల్చి 75 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడ్ వేసిన మామూలు ఘటంలో పరావర్తనం ఇప్పటికే చాలా తక్కువ. కణాలు పోటీ పడాల్సింది దానితో. ఇలాంటి వార్త అచ్చువేసేటప్పుడు పెరుగుదల ఒక్క తరంగదైర్ఘ్యానికా, మొత్తానికా, పోలిక చదునైన ఘటంతోనా, పూత వేసినదానితోనా అన్న రెండు వివరాలు పక్కనే వేయమని మా విన్నపం.

ఈ రంగంలోకి వస్తున్న విద్యార్థులు కూడా మీ పుట చదువుతారు కాబట్టి పరీక్ష విధానం ఒకటి చెప్పి ముగిస్తాం. ఒకే వేఫర్ నుంచి మూడు ముక్కలు తీసుకోవాలి. ఒకటి ఏమీ వేయనిది. రెండోది అదే ఆక్సైడ్, అదే పైకప్పు వేసి, అదే 200 డిగ్రీల వేడి చూపించి, వెండి మాత్రం వేయనిది. మూడోది వెండితో. చాలామంది రెండో ముక్కను వదిలేస్తారు, తర్వాత పూత చేసిన మేలంతా వెండి ఖాతాలో పడుతుంది. మూడింటికీ ఒకే చోట 300 నుంచి 1200 నానోమీటర్ల దాకా క్వాంటమ్ దక్షత (పడిన ఫోటాన్లలో ఎన్నింటికి ఎలక్ట్రాన్లు విద్యుత్తుగా బయటికొచ్చాయన్న వాటా), పరావర్తనం రెండూ కొలవాలి. పరావర్తనం పోగా లోపల మిగిలిన కాంతితో దక్షతను భాగించాలి. ఆ భాగఫలం 900 పైన రెండో ముక్క కంటే పెరిగితే కాంతి లోపల చిక్కినట్టు. దక్షత పెరిగి భాగఫలం కదలకపోతే జరిగింది పరావర్తనం తగ్గడమే. నీలం వైపు దక్షత పడిపోయి పరావర్తనం పెరిగితే కొట్టేసుకునే వ్యతికరణం, కణాలను వెనక్కి మార్చి చూడాలి. దక్షత పడిపోయినా పరావర్తనం పెరగకపోతే కాంతి వెండిలోనే వేడవుతోంది, సూక్ష్మదర్శిని కింద బుడతలను లెక్కపెట్టాలి.

భవదీయులు,
కాంతి, అర్ధవాహకాల రంగంలో పనిచేసే కొందరు పాఠకులు